రొమ్ములో గడ్డకు సూది పరీక్ష: బయలుదేరే ముందు నుంచి రిపోర్టు అర్థమయ్యేదాకా

రొమ్ములో గడ్డ చేతికి తగిలిందని చెప్పగానే చుట్టూ ఉన్నవారి నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. "సూది గుచ్చనివ్వకండి, కదిలిస్తే పాకుతుంది" అనేది ఒకటి. "పరీక్షలంటూ కాలయాపన ఎందుకు, ఒకేసారి కోసి తీయించేయండి" అనేది రెండోది. ఈ రెండింటినీ పక్కన పెట్టండి. గడ్డ ఏమిటో తెలియకుండానే కోసి తీస్తే, అది మామూలు గడ్డ అయినప్పుడు అక్కరలేని కోత మచ్చ మిగులుతుంది. క్యాన్సర్ అయినప్పుడు చుట్టూ తగినంత మేర తీయనందువల్ల రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కవలసి రావచ్చు. ముందు మందులిచ్చి గడ్డను కుదించి ఆ తరువాత ఆపరేషన్ చేయవచ్చా అనే ఆలోచనకు అప్పుడు చోటే ఉండదు. సూదితో చిన్న ముక్క తీసి చూస్తే, కత్తి పట్టకముందే ఈ ప్రశ్నలకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

పాకుతుందనే భయం గురించి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది వాయిదా వేసేది దానివల్లే. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు చెదరడం సూక్ష్మదర్శిని కింద అప్పుడప్పుడు కనిపించే మాట నిజమే. అయితే అవి చాలావరకు అక్కడ నిలదొక్కుకోలేక నశిస్తాయి, ఆ భాగానికి తరువాత ఎలాగూ ఆపరేషన్, అవసరమైతే రేడియేషన్ జరుగుతాయి. సూది పరీక్ష చేయించుకున్నందువల్ల ఆయుర్దాయం తగ్గినట్లు అధ్యయనాల్లో తేలలేదు. సూదికి భయపడి నెలల తరబడి ఆగిపోతే, గడ్డ క్యాన్సర్ అయిన పక్షంలో, ఆ నెలల్లో జరిగే నష్టం మాత్రం ఊహ కాదు.

స్కానింగ్ ముందు, సూది తరువాత

ఈ వరుస తప్పకుండా చూసుకోండి. డాక్టరు చేతితో చూడడం, రొమ్ము స్కానింగ్ తీయడం, సూదితో ముక్క తీయడం: ఈ మూడూ కలిస్తేనే పరీక్ష పూర్తయినట్లు. ముందే సూది గుచ్చితే లోపల కొద్దిగా రక్తం చేరి, ఆ తరువాత తీసే రొమ్ము ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్‌లోనూ అల్ట్రాసౌండ్‌లోనూ గడ్డ అంచులు మసకబారతాయి. అసలు గడ్డ ఎంత, రక్తం గూడు ఎంత అన్నది తేల్చడం కష్టమవుతుంది. కాబట్టి చేతితో చూసిన వెంటనే అదే గదిలో సూది వేస్తామని ఎవరైనా అంటే, స్కానింగ్ అయ్యాక వేయమని మర్యాదగా అడగండి.

ముప్ఫై ఏళ్లలోపు వారికి సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు, నలభై దాటినవారికి మామోగ్రామ్, దానితోపాటు అల్ట్రాసౌండ్ తీస్తారు. ఈ మధ్య వయసువారి విషయంలో డాక్టరు తన విచక్షణ మేరకు నిర్ణయిస్తారు. స్కానింగ్ రిపోర్టు చివర, అనుమానం ఎంత ఉందో చెప్పే బైరాడ్స్ అనే అంకె ఉంటుంది. 1, 2 అంకెలు వస్తే స్కానింగ్ పరంగా అనుమానం లేనట్లు. 3 వస్తే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు కనుక మామూలుగా ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్ చేయించమంటారు. 4 లేదా 5 వస్తే సూది పరీక్ష చేయించుకోవలసిందే. 4 అనే అంకె చూసి కుప్పకూలనవసరం లేదు: దాని కింద క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఉంటుంది, అందుకే దాన్ని 4ఏ, 4బీ, 4సీ అని మళ్లీ విడగొట్టారు. మీ రిపోర్టులో ఆ అక్షరం లేకపోతే అడిగి రాయించుకోండి.

చేతికి గడ్డ స్పష్టంగా తగులుతూ ఉండి స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవడం కూడా ఉంటుంది. చేతితో చూసిన డాక్టరుకు అనుమానం ఉంటే, స్కానింగ్ బాగానే ఉందన్న ఒక్క కారణంతో సూది పరీక్ష మానకూడదు.

లోపల నీరు మాత్రమే ఉన్న తిత్తి అని అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా తేలితే ముక్క తీయవలసిన పనిలేదు. నొప్పి పెడుతుంటే సూదితో నీరు లాగేస్తారు. గడ్డ పూర్తిగా కుంగిపోయి, వచ్చిన నీటిలో రక్తం లేకపోతే దాన్ని పరీక్షకు పంపనవసరం కూడా ఉండదు. రక్తం కలిసి వచ్చినా, నీరు తీశాక గడ్డ ఇంకా మిగిలి ఉన్నా కథ మారుతుంది.

ఏ సూది అని అడగండి

సూది పరీక్ష అనే ఒకే మాట కింద మూడు వేరువేరు పనులు జరుగుతాయి. మీకు ఏది చేయబోతున్నారో ముందే తెలుసుకోకపోతే తరువాత వేరే సూదితో మళ్లీ పరీక్ష చేయించుకోవలసి రావచ్చు.

మొదటిది ఎఫ్ఎన్ఏసీ. రక్తం తీసే సూది అంత, లేదా అంతకంటే సన్నని సూదితో గడ్డలోని కణాలను పీల్చి, గాజు పలకల మీద పూసి చూస్తారు. 1930లోనే న్యూయార్క్‌లో మార్టిన్, ఎల్లిస్ అనేవారు ఈ తరహా పద్ధతిని ప్రచురించారు. ఇది త్వరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ, ఫలితం తొందరగా వస్తుంది. దీనికున్న లోపం కూడా పెద్దదే: విడివిడి కణాలు కనిపిస్తాయి తప్ప వాటి అమరిక కనిపించదు. కణాలు క్యాన్సర్‌వే అని తేలినా, అవి పాలనాళాల గోడ లోపలే ఉన్నాయా, గోడ దాటి బయటకు వచ్చాయా అన్నది చెప్పలేరు. ఇటుకలు చూసి ఇంటి నక్షా చెప్పమన్నట్లు ఉంటుంది. తిత్తిలోని నీరు తీయడానికి, చంకలో అనుమానంగా ఉన్న లింఫ్ గ్రంథిని చూడడానికి ఇది ఇప్పటికీ బాగా పనికొస్తుంది.

రెండోది కోర్ బయాప్సీ, మాటల్లో ట్రూకట్ అని కూడా అంటారు. రొమ్ములోని గట్టి గడ్డకు సాధారణంగా ఇదే సరైన పరీక్ష. దీనికి వాడేది ఎక్కువగా 14 గేజ్ సూది, అంటే సుమారు 2 మిల్లీమీటర్ల లావు. గేజ్ లెక్క తలకిందులుగా ఉంటుందని గుర్తుంచుకోండి: అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఇది కణాలను పీల్చదు, సన్నని కడ్డీలాంటి కండ ముక్కను కోసి తెస్తుంది. అమరిక చెదరకుండా వస్తుంది కాబట్టి క్యాన్సరా కాదా అన్నదే కాక, అది ఏ రకం, గ్రేడ్ ఎంత, ఏ మందుకు లొంగే అవకాశం ఉంది అన్నవి కూడా ఈ ముక్కల మీదే తేలతాయి.

మూడోది వాక్యూమ్ బయాప్సీ. సూది ఇంకా లావుగా ఉంటుంది, ఒక్కసారి లోపలికి పంపి, తిప్పుతూ చాలా ముక్కలు లాగుతారు. మామోగ్రామ్‌లో మాత్రమే కనిపించే సున్నపు (కాల్షియం) చుక్కల వంటి వాటికి, కోర్ బయాప్సీలో తేలని వాటికి దీన్ని వాడతారు. చేతికి తగలని, అల్ట్రాసౌండ్‌లో కనిపించని సున్నపు చుక్కలైతే మామోగ్రామ్ యంత్రమే సూదికి దారి చూపుతుంది.

గడ్డ చేతికి బాగా తగులుతున్నా సరే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. చేతి అంచనాతో వేస్తే సూది గడ్డ పక్కనున్న కొవ్వులోకి జారిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు రిపోర్టులో "క్యాన్సర్ కణాలు లేవు" అనే వస్తుంది, కాని అది గడ్డ గురించి చెప్పిన మాట కాదు.

వెళ్లే ముందు

రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారేమో ముందుగా చూసుకోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సబాన్, రివరాక్సబాన్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. సూది పరీక్ష తేదీ ఖాయం చేసేటప్పుడే వీటి గురించి చెప్పండి, కాని మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. గుండెలో స్టెంట్ వేసినవారు, కవాటం మార్పించుకున్నవారు మందు ఆపితే జరిగే కీడు, రొమ్ము మీద కమిలే మచ్చ కంటే ఎన్నో రెట్లు పెద్దది. మందు రాసిన డాక్టరు, సూది వేసే డాక్టరు మాట్లాడుకుని తేల్చవలసిన విషయమిది. చాలాసార్లు మందు ఆపకుండానే కాస్త ఎక్కువసేపు ఒత్తిపట్టి పని కానిస్తారు.

మత్తుమందు పడకపోవడం, ప్లాస్టరు అంటిస్తే దద్దుర్లు రావడం, రక్తం తొందరగా గడ్డకట్టకపోవడం వంటివి ఇంతకుముందు జరిగి ఉంటే చెప్పండి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా సూది పరీక్ష చేయించుకోవచ్చు, కాని ఆ సంగతి డాక్టరుకూ, ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసే పాథాలజిస్టుకూ తెలియాలి: ఆ దశలో రొమ్ము కణాలు సహజంగానే చురుకుగా మారి, తెలియని కంటికి అనుమానం కలిగిస్తాయి. రొమ్ములో సిలికాన్ అమర్చి ఉంటే అది కూడా చెప్పవలసిందే.

ఆ రోజు ఉపవాసం ఉండనవసరం లేదు. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరిగే అవకాశం ఎక్కువ, కాబట్టి తేలికగా తిని వెళ్లండి. స్నానం చేసి, రొమ్ముకు, చంకకు పౌడరు, సెంటు, క్రీము రాయకుండా వెళ్లండి. పౌడరు రేణువులు మామోగ్రామ్‌లో సున్నపు చుక్కల్లా కనిపించి మోసం చేస్తాయి. ముందు భాగం తెరుచుకునే పై దుస్తులు, కదలకుండా పట్టి ఉంచే బిగుతైన బ్రా వేసుకోండి. పాత స్కానింగ్ ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు అన్నీ తీసుకెళ్లండి. తోడుగా ఒకరు ఉంటే మంచిది. పరీక్ష కష్టమని కాదు, ఆ రోజు చెప్పిన మాటల్లో సగం మీకు గుర్తుండవు.

బల్ల మీద

వెల్లకిలా గాని కొద్దిగా పక్కకు ఒరిగి గాని పడుకోబెట్టి, ఆ వైపు చేతిని తల వెనక్కి పెట్టమంటారు. చల్లని జెల్ రాసి ముందు గడ్డను తెర మీద మళ్లీ వెతికి పట్టుకుంటారు. ఈ దశలో ఒక్క మాట అడగండి: "నాకు చేతికి తగిలిన గడ్డ ఇదేనా?" అని. మీ వేలితో చోటు చూపించండి. రెండు మూడు గడ్డలున్నప్పుడు ఈ చిన్న ప్రశ్నతో పెద్ద తికమక తప్పుతుంది.

తరువాత చర్మాన్ని శుభ్రం చేసి, సన్నని సూదితో మత్తుమందు ఎక్కిస్తారు. మొత్తం పరీక్షలో నొప్పి తెలిసేది ఎక్కువగా ఇక్కడే: కొన్ని క్షణాలపాటు చురుక్కుమని మండుతుంది, ఆపైన మొద్దుబారుతుంది. మత్తుమందులో కొన్నిసార్లు అడ్రినలిన్ కలుపుతారు, దానివల్ల గుండె కాసేపు దడదడలాడితే కంగారు పడకండి. చర్మం మీద రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, అందులోంచి సూదిని పంపుతారు. తెర మీద అది నల్లని గడ్డ వైపు సాగే తెల్లని గీతలా కనిపిస్తుంది. చూడాలనిపిస్తే చూడండి, వద్దనుకుంటే తల తిప్పుకోండి.

కోర్ బయాప్సీ సూదికి స్ప్రింగు ఉంటుంది. మీట నొక్కగానే కాగితాలకు పిన్ను కొట్టినట్లు "టక్" మని గట్టిగా చప్పుడవుతుంది, సూది మొన రెప్పపాటులో సుమారు 2 సెంటీమీటర్లు ముందుకు దూకి వెనక్కి వస్తుంది. నొప్పి కంటే ఆ చప్పుడుకే మనిషి ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే సూది గురి తప్పుతుంది. కనుక గురి పెట్టకముందే ఒకసారి ఆ చప్పుడు వినిపించమని అడగండి, ఎవరూ కాదనరు. నొప్పి తెలిస్తే ఓర్చుకోకుండా చెప్పండి, ఇంకొంచెం మత్తుమందు ఇస్తారు. ఛాతీ గోడకు సమాంతరంగా సూదిని పంపడం వల్ల ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదు. అయినా ఆ క్షణంలో దగ్గకుండా, మాట్లాడకుండా ఉండండి.

ఇలా నాలుగైదు సార్లు జరుగుతుంది. వచ్చిన ముక్క ఒకటి రెండు సెంటీమీటర్ల తెల్లని పోగులా ఉంటుంది. దాన్ని చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవం ఉన్న సీసాలో వేస్తారు. గట్టి గడ్డ నుంచి వచ్చిన ముక్కలు మామూలుగా అడుక్కి మునుగుతాయి, పసుపు రంగు కొవ్వు ముక్కలు పైన తేలుతుంటాయి. అన్నీ తేలుతూ ఉంటే అనుభవమున్న డాక్టరు మరో ముక్క తీస్తారు. తేలడం, మునగడం రోగనిర్ణయం కాదు, గడ్డ దొరికిందో లేదో చెప్పే ఆనవాలు మాత్రమే.

చివర, గడ్డ చిన్నదైతే, లేదా ముందు మందులతో కుదించే ఆలోచన ఉంటే, అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల లోహపు క్లిప్ ఒకటి వదులుతారు. మందులకు గడ్డ కరిగిపోయాక ఎక్కడ కోయాలో సర్జనుకు ఆ క్లిప్పే చెబుతుంది. అది జీవితాంతం ఉండిపోయినా హాని లేదు. ఎంఆర్ఐకి కూడా అడ్డు రాదు.

లేచే ముందు సీసా మీద చీటీ చూడండి. మీ పేరు, కుడా ఎడమా, గడియారం ముల్లు లెక్కన గడ్డ చోటు, చనుమొన నుంచి దూరం రాసి ఉండాలి. "ఎడమ, 2 గంటలు, 4 సెంటీమీటర్లు" అన్నట్లుగా. రెండు చోట్ల ముక్కలు తీస్తే రెండు సీసాలు ఉండాలి.

ఇంటికి వచ్చాక

సూది వేసిన చోట పది నిమిషాల దాకా గట్టిగా ఒత్తిపట్టి, చిన్న పట్టీ అంటిస్తారు; కుట్లు ఉండవు. బట్టలో చుట్టిన మంచుగడ్డను పది పదిహేను నిమిషాల చొప్పున మధ్యమధ్య పెట్టుకోండి. ఆ రాత్రి బ్రా తీయకుండా పడుకుంటే రొమ్ము కదలక హాయిగా ఉంటుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది, ఆస్పిరిన్ వేసుకోకండి. ఒకటి రెండు రోజులు బరువులెత్తడం, ఆ చేతితో గుంజే పనులు మానండి. చర్మం నీలంగా కమిలి, తరువాత ఆకుపచ్చగా, పసుపుగా మారి వారం పదిరోజుల్లో పోతుంది. లోపల చిన్న గట్టితనం కొన్ని వారాలు తగలవచ్చు. గడ్డ పెరిగిపోయిందని దాన్ని చూసి భయపడేవారు చాలామంది.

రొమ్ము గబగబా ఉబ్బి బిగుసుకుపోతున్నా, ఒత్తిపట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, ఎరుపు వ్యాపించి చీము కారుతున్నా, ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీలో పొడిచినట్లు నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇవి అరుదు.

రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుంది, వచ్చాక ఏం చూడాలి

ముక్కలు కనీసం 6 గంటలు ఫార్మలిన్‌లో నానాలి, 72 గంటలు మించకూడదు. తొందరపడి ముందే తీస్తే తరువాత చేసే హార్మోన్ పరీక్ష తప్పుగా రావచ్చు. ఆపైన మైనంలో పోతపోసి, మైక్రాన్ల మందాన పొరలు కోసి, రంగులద్ది చూడాలి. మొదటి రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్ (కణాల్లోని హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (కణాల పెరుగుదలను పెంచే ప్రొటీన్) పరీక్షలకు మరికొన్ని రోజులు పడుతుంది. సాయంత్రానికే రిపోర్టు ఇవ్వమని పట్టుబట్టకండి.

కొన్ని చోట్ల ఫలితాన్ని బీ1 నుంచి బీ5 దాకా అంకెలతో ఇస్తారు. బీ1 అంటే మామూలు కండ, బీ2 అంటే హాని లేని గడ్డ, బీ4 అంటే గట్టి అనుమానం, బీ5 అంటే క్యాన్సర్. చిక్కు బీ3తో వస్తుంది: ఇప్పటికి క్యాన్సర్ కాదు, కాని పక్కన ఉండి ఉండవచ్చు, లేదా ముందుముందు ముప్పు పెరగవచ్చు అని దాని అర్థం. దీనికి వాక్యూమ్‌తో మరిన్ని ముక్కలు తీయడమో, ఆ భాగాన్ని పూర్తిగా తీసేయడమో చేస్తారు. రిపోర్టులో క్యాన్సర్ అనే మాట లేదని బీ3 కాగితాన్ని బీరువాలో దాచేయకండి.

బీ1 కూడా అంతే. చేతికి గట్టిగా గడ్డ తగులుతూ ఉంటే, రిపోర్టులో "మామూలు కండ" అని వస్తే, సూది గడ్డకు తగలలేదనే అనుమానించాలి. మొదట చెప్పిన మూడు పరీక్షలూ ఒకే మాట చెప్పాలన్నది ఇందుకే. స్కానింగ్‌లో బైరాడ్స్ 5 అని ఉండి సూది పరీక్షలో హాని లేదని వస్తే, సంతోషించి ఊరుకోకుండా, సూది వేసిన డాక్టరు దగ్గరకు రెండు రిపోర్టులూ తీసుకెళ్లి "ఈ రెండూ పొసగుతున్నాయా?" అని అడగండి. పొసగకపోతే పరీక్ష మళ్లీ చేయాలి. రెండు కాగితాలు రెండు గదుల నుంచి వస్తాయి కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి చూసే మనిషి లేకపోవడమే చాలా చోట్ల జరిగే పొరపాటు.

క్యాన్సర్ అని వచ్చినప్పుడు మొదట రకం చూడండి. "ఇన్ సైటు" అని ఉంటే కణాలు నాళం గోడ దాటలేదని, "ఇన్వేసివ్" అని ఉంటే దాటాయని అర్థం. సూదితో వచ్చేది గడ్డలో కొంత భాగమే కాబట్టి, "ఇన్ సైటు" అని వచ్చినవారిలో కొందరికి ఆపరేషన్ తరువాత గడ్డ మొత్తాన్ని పరీక్షిస్తే గోడ దాటిన భాగం బయటపడుతుంది.

తరువాత గ్రేడ్ చూడండి, కాని దాన్ని స్టేజ్‌తో కలపకండి. కన్నీళ్లు తెప్పించే పొరపాటు ఇది: గ్రేడ్ 3 అని చదివి మూడో స్టేజ్ అనుకుని ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. గ్రేడ్ అంటే కణాల తీరు. నాళాల ఆకారం, కేంద్రకం రూపం, కణాల విభజన వేగం అనే మూడింటికి ఒక్కొక్కదానికి 1 నుంచి 3 మార్కులు వేసి కలిపితే, 3 నుంచి 5 దాకా వస్తే గ్రేడ్ 1; 6 లేదా 7 వస్తే గ్రేడ్ 2; 8 లేదా 9 వస్తే గ్రేడ్ 3. స్టేజ్ అంటే జబ్బు ఎంత పెద్దది, ఎంత దూరం వెళ్లింది అన్నది, అది ఈ ముక్కలో కనిపించేది కాదు. సెంటీమీటరు గడ్డకు కూడా గ్రేడ్ 3 ఉండవచ్చు.

ఈఆర్ ఒక శాతం కణాల్లో కనిపించినా పాజిటివ్‌గానే లెక్కిస్తారు. హార్మోన్ మాత్రలు పనిచేస్తాయా అన్నది దీని మీద ఆధారపడుతుంది. హెర్2 ఫలితం 0, 1+ అయితే నెగటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ వస్తే తేలనట్లే, హెర్2 జన్యువును లెక్కించే ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. 2+ దగ్గర ఆగిపోయిన రిపోర్టుతో చికిత్స మొదలుపెట్టబోతే, ఫిష్ ఫలితం సంగతి అడగండి.

మీ ముక్కలు పోతపోసిన మైనపు దిమ్మెలు, గాజు పలకలు ల్యాబులో భద్రంగా ఉంటాయి. మరో డాక్టరు అభిప్రాయం కావాలంటే మళ్లీ సూది గుచ్చించుకోనవసరం లేదు, ఆ దిమ్మెలనే తీసుకెళ్లి చూపించవచ్చు. రాతపూర్వకంగా అడిగి, సంఖ్య రాసుకుని తీసుకోండి, వేసవిలో ఎండకు వదిలేసిన వాహనంలో పెడితే మైనం కరుగుతుంది కనుక చేతిసంచిలో పెట్టుకోండి. పని అయ్యాక తిరిగి ఇచ్చేయండి.

హాని లేని గడ్డ అని తేలినవారు కూడా రిపోర్టు నకలును స్కానింగ్ కాగితాలతో కలిపి ఒకే చోట ఉంచుకోండి, డాక్టరు చెప్పిన తేదీకి మళ్లీ స్కానింగ్ చేయించుకోండి. గడ్డ పెరుగుతున్నట్లు అనిపిస్తే ఆ తేదీ దాకా ఆగకుండా ముందే వెళ్లండి. లోపల క్లిప్ పెట్టి ఉంటే, ఎన్నేళ్ల తరువాత ఎక్కడ మామోగ్రామ్ తీయించుకున్నా యంత్రం ముందు నిలబడేటప్పుడే ఆ మాట చెప్పండి.